కాలేజీ క్యాంపస్‌లో డిజిటల్ నోటీసు బోర్డులు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

మిడ్ పరీక్షల ఉదయం ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లినా నోటీసు బోర్డు దగ్గర ఒకే దృశ్యం. సీటింగ్ ప్లాన్ ప్రింటవుట్లు నాలుగు అంటించి ఉంటాయి, వాటి ముందు రెండు వందల మంది. ముందున్నవాడు వేలు పెట్టి తన హాల్ టికెట్ నంబరు వెతుక్కుంటుంటే వెనకున్నవాడు మెడ సాచి చూస్తుంటాడు. ఫోన్ బ్యాగులో పెట్టేసి వచ్చాక, వాట్సాప్ గ్రూపులో రాత్రి వచ్చిన పీడీఎఫ్ ఎవరికీ అక్కరకు రాదు. క్యాంపస్‌లో డిజిటల్ తెరలు పెడదామన్న మాట వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగేది ఇదే: ఆ పావుగంటలో మీ తెర ఏం చూపిస్తుంది?

దీనికి జవాబు చెప్పగలిగిన కాలేజీ ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఎంతో కొంత లాభపడుతుంది. చెప్పలేని చోట చైర్మన్ గారి ఫొటో, పండగ శుభాకాంక్షలు, నిరుటి ప్లేస్‌మెంట్ల పోస్టరు గుండ్రంగా తిరుగుతుంటాయి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చి వెళ్లిపోయాక అవి కూడా ఆగిపోతాయి.

ఇక్కడ నేను మనసులో పెట్టుకున్నది ఊరి బయట ఉన్న మామూలు కాలేజీ: నాలుగైదు బ్లాకులు, లైబ్రరీ, క్యాంటీన్, మెయిన్ గేటు, సాయంత్రం నలభై బస్సులు బయల్దేరే ఆవరణ. మొత్తం మీద ఎనిమిది నుంచి పదిహేను తెరలు. యూనివర్సిటీ స్థాయిలో వంద తెరలు పెట్టేవాళ్ల లెక్క వేరు, వాళ్ల బడ్జెట్టూ వేరు.

వెబ్ ఆధారిత సిస్టమ్‌లో ఉండేవి మూడు ముక్కలు. నోటీసు ఎక్కించే సర్వర్, టీవీ వెనక ఉండే చిన్న ప్లేయర్ కంప్యూటర్, తెర. నోటీసు పెట్టేవాళ్లు తమ సీట్లో కూర్చుని బ్రౌజర్‌లో ఎక్కిస్తారు, ప్లేయర్ దాన్ని తెచ్చుకుని చూపిస్తుంది. కొటేషన్ ఇచ్చేవాళ్లు సాధారణంగా మూడింటికీ కలిపి ఒకే అంకె రాస్తారు. విడదీసి రాయమనండి. అప్పుడే ఏ ముక్కకు ఎంత పోస్తున్నామో, రేపు ఏ ముక్కను మార్చుకోవచ్చో తెలుస్తుంది.

నోటీసు ఎవరు పెడతారు?

తెర మీదకు రావాల్సిన సమాచారం కాలేజీలో ఐదారు చోట్ల పుడుతుంది. సీటింగ్, టైంటేబుల్ ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి. బస్సుల మార్పులు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి నుంచి. కంపెనీ డ్రైవ్‌లు ప్లేస్‌మెంట్ సెల్ నుంచి. సెలవులు ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి. గెస్ట్ లెక్చర్లు డిపార్ట్‌మెంట్ల నుంచి. ఇవన్నీ ఒక్క సిస్టమ్ అడ్మిన్‌కి పంపి "సార్, కాస్త పెట్టండి" అనే పద్ధతి నెల రోజులు నడుస్తుంది. తర్వాత ఆయనకు ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ వస్తాయి. జూలైలో పెట్టిన నోటీసు సెప్టెంబర్‌లో కూడా అక్కడే ఉంటుంది. అలా రెండుసార్లు పాత నోటీసు కనబడితే చాలు, పిల్లలు ఇక ఆ తెర వైపు తలెత్తరు.

అందుకే నేను ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ముందు రెండు సంగతులు చూస్తాను. ఒకటి, ఐదుగురికి ఐదు లాగిన్లు ఇచ్చి, ఎవరు ఏ తెర మీద పెట్టవచ్చో హద్దు గీయగలమా. రెండు, ప్రతి నోటీసుకీ గడువు తేదీ పెట్టి, ఆ రోజు దాటగానే దానంతట అదే పోయేలా చేయగలమా. ఈ రెండూ లేని సిస్టమ్‌కు ఎన్ని టెంప్లేట్లు, ఎన్ని యానిమేషన్లు ఉన్నా ఉపయోగం లేదు.

దీనికి మంచి నమూనా అమెరికాలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థులు తయారుచేసిన కన్సెర్టో. అందులో సమాచారం ఫీడ్లుగా, అంటే అంశాల వారీ వరసలుగా, విడిపోయి ఉంటుంది. ఎవరైనా తమ పోస్టరు పంపవచ్చు, ఆ ఫీడ్ బాధ్యుడు ఒప్పుకుంటేనే అది బయటికి వస్తుంది, ఏ తెర ఏ ఫీడ్లు చూపించాలో ముందే నిర్ణయించి ఉంటుంది. మీరు ఆ సాఫ్ట్‌వేర్ వాడకపోయినా ఈ పద్ధతి మాత్రం కాగితం మీద గీసుకోండి. లైబ్రరీ తెరకు లైబ్రరీ, పరీక్షలు. బస్సుల దగ్గరి తెరకు బస్సులు, సెలవులు. అడ్మిషన్ బ్లాకు తెరకు తల్లిదండ్రులు అడిగేవి. ఈ కాగితం పక్కన పెట్టుకుని చూస్తే, కింద చెప్పే దారుల్లో సగం వాటంతటవే తప్పుకుంటాయి.

ఒకటి రెండు తెరలకు

పెన్‌డ్రైవ్‌ను తీసిపారేయకండి. అడ్మిషన్ల సీజన్‌లో రిసెప్షన్‌లో క్యాంపస్ వీడియో ఒకటి తిరగాలంటే పెన్‌డ్రైవ్ చాలు. దానికి సర్వర్ పెట్టడం దండగ.

రెండు మూడు తెరలుండి, రోజూ నోటీసులు మారాలంటే గూగుల్ స్లైడ్స్ మంచి దారి. చాలా కాలేజీలకు గూగుల్ వర్క్‌స్పేస్ ఎలాగూ ఉంది. ప్రెజెంటేషన్‌ను వెబ్‌లో పబ్లిష్ చేసి, లోడవగానే మొదలవ్వాలి, చివరికి వచ్చాక మళ్లీ మొదటికి వెళ్లాలి అన్న రెండు ఆప్షన్లు టిక్ చేస్తే వచ్చే లింకును ప్లేయర్‌లో ఫుల్ స్క్రీన్‌గా తెరిచి ఉంచడమే. ఆఫీసు క్లర్కు తన కుర్చీలోంచి స్లైడు మారిస్తే కొన్ని నిమిషాల్లో తెర మీద మారుతుంది. పవర్‌పాయింట్ వచ్చినవాళ్లకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. ఇదే దీని అసలు బలం.

దీనికి షెడ్యూల్ ఉండదు, ఆమోదం ఉండదు, గడువు తేదీ ఉండదు. నెట్ పోయినప్పుడు ప్లేయర్ రీస్టార్ట్ అయితే తెర మీద నెట్ లేదని క్రోమ్ చూపించే డైనోసార్ బొమ్మ వస్తుంది. మూడు తెరల దాకా ఇవన్నీ మనిషి సర్దుకోగలడు. ఐదో తెర పెట్టేసరికి ఏ తెర మీద ఏది తిరుగుతోందో ఎవరికీ తెలియదు.

స్మార్ట్ టీవీలోని బ్రౌజర్‌నే వాడేద్దాం, ప్లేయర్ ఎందుకు అని అడిగేవాళ్లు ప్రతి మీటింగులోనూ ఒకరుంటారు. ఇంటి టీవీ ఆన్ అవగానే దానంతట అది మీ పేజీకి వెళ్లదు. చాలా టీవీలు నాలుగు గంటలు రిమోట్ ముట్టుకోకపోతే ఆగిపోతాయి. మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కావాలా అని అడుగుతూ కూర్చుంటాయి. ఎవరో ఒకరు ప్రతి ఉదయం రిమోట్ పట్టుకుని బ్లాకులన్నీ తిరగాల్సి వస్తుంది.

నెలవారీ అద్దె సర్వీసులు

యోడెక్, స్క్రీన్లీ, ఆప్టిసైన్స్, స్క్రీన్‌క్లౌడ్ లాంటివి ఈ కోవలోవి. సర్వర్ వాళ్లదే, మీకు లాగిన్ ఇస్తారు, ప్లేయర్‌ను కోడ్ కొట్టి కలుపుకోవడమే. ఏ తెర ఆగిపోయిందో డాష్‌బోర్డులో ఎర్రగా కనిపిస్తుంది. షెడ్యూల్, లాగిన్లు, గడువు తేదీలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. కంటెంట్‌ను ప్లేయర్‌లోకి ముందే దించుకుంటాయి కాబట్టి నెట్ పోయినా తెర ఆగదు. నిజం చెప్పాలంటే, సిస్టమ్ అడ్మిన్ ఒక్కడే ఉండి అతను కూడా ఏడాదికొకరు మారే కాలేజీకి ఇదే సరైనది.

డబ్బు సంగతి చూద్దాం. తెరకు నెలకు సుమారు 10 డాలర్లు అనుకుంటే పన్నెండు తెరలకు ఏడాదికి 1,440 డాలర్లు. రూపాయల్లో లక్షా పాతిక వేల దరిదాపు, పన్ను కాకుండా. మూడేళ్లలో ఈ అద్దె, కొన్న ప్లేయర్లన్నిటి ధరను దాటిపోతుంది. అంతకంటే పెద్ద తలనొప్పి చెల్లింపుది. మన కాలేజీల అకౌంట్స్ సెక్షన్‌కు పీఓ (పర్చేజ్ ఆర్డర్) కావాలి, జీఎస్టీ ఇన్‌వాయిస్ కావాలి, చెక్కో ఆర్‌టీజీఎస్సో చేస్తారు. విదేశీ సర్వీసుకు క్రెడిట్ కార్డు కావాలి. ఎవరి కార్డు? ఒక లెక్చరర్ తన సొంత కార్డు మీద మొదలుపెట్టి, రీయింబర్స్‌మెంట్ ఫైలు పట్టుకుని తిరగడం చాలాచోట్ల జరిగేదే. ప్రభుత్వ కాలేజీ అయితే కొనుగోలు జెమ్ పోర్టల్ ద్వారా వెళ్లాలి కనుక ఈ దారి ఇంకా ఇరుకు. తీసుకునేటట్టయితే రూపాయల్లో బిల్లు ఇచ్చే భారతీయ రీసెల్లర్ ద్వారా, ఏడాదికి ఒకేసారి కట్టేలా తీసుకోండి.

యోడెక్ ఒక తెరకు ఉచితంగా ఇస్తుంది. కొనకపోయినా సరే, ఒక నెల దాన్ని నడిపి చూడండి. మీకు నిజంగా ఏ సదుపాయాలు కావాలో కాటలాగులు చదవడం కంటే అలా బాగా తెలుస్తుంది.

సొంత సర్వర్ మీద ఓపెన్ సోర్స్

ఇందులో నేను ముందు చెప్పేది జిబో. సర్వర్ భాగం పూర్తిగా ఉచితం, డాకర్ (సర్వర్ ప్రోగ్రాములను రెడీమేడ్‌గా ఎక్కించే సాధనం) మీద గంటలో ఎక్కుతుంది. యూజర్ గ్రూపులు, అనుమతులు, ప్రాధాన్యంతో కూడిన షెడ్యూల్, టేబుల్ రూపంలో డేటా ఎక్కించుకునే సదుపాయం అన్నీ ఉన్నాయి. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది కొన్నాక చూసుకుంటారు. దీని ప్లేయర్ విండోస్‌కు, లినక్స్‌కు ఉచితం. ఆండ్రాయిడ్ బాక్సులకు, సామ్‌సంగ్, ఎల్‌జీ కమర్షియల్ తెరల్లో ఉండే టైజెన్, వెబ్ఓఎస్‌లకు తెరకొక లైసెన్సు కొనాలి. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెరీ పైకి (ఇక మీద 'పై' అంటే ఇదే) అధికారికంగా ప్లేయర్ లేదు. కాబట్టి ముందే పన్నెండు పై బోర్డులు ఆర్డరు పెట్టేసి తర్వాత జిబో ఎంచుకుంటే ఇబ్బంది పడతారు. జిబోతో వెళ్లేటట్టయితే చిన్న మినీ పీసీలు తీసుకోండి. లేదా ల్యాబుల్లోంచి తీసేసిన పాత ఐ3 డెస్క్‌టాప్‌లకు ఎస్‌ఎస్‌డీ వేసి వాడండి. గోడకు ఆనుకుని పెట్టె కనిపిస్తుంది కానీ పని చేస్తుంది.

పై బోర్డులే ఉన్నాయంటే ఆంథియాస్ ఉంది. స్క్రీన్లీ వాళ్ల ఉచిత వెర్షన్‌కు ఇప్పటి పేరు. బొమ్మలు, వీడియోలు, వెబ్ పేజీలు వరసగా చూపిస్తుంది, చాలా తేలిక. కానీ ప్రతి పరికరానికీ వేరే అడ్మిన్ పేజీ, అన్నిటినీ ఒకచోట నుంచి నడిపే ఏర్పాటు లేదు. పన్నెండు తెరలకు పన్నెండు ట్యాబులు తెరవాలి. నాలుగు తెరల వరకు బాగానే ఉంటుంది.

సొంత సర్వర్ దారిలో ఉన్న అసలు లాభం నెట్‌తో సంబంధం లేకపోవడం. సర్వర్ క్యాంపస్ లోపలే ఉంటే, బయట ఫైబర్ తెగినా కాలేజీ ల్యాన్ బతికి ఉన్నంతసేపు తెరలు మారుతూనే ఉంటాయి. వర్షాకాలంలో దీని విలువ తెలుస్తుంది. బదులుగా బ్యాకప్, అప్‌డేట్లు, సర్టిఫికెట్ రెన్యువల్ మీ నెత్తిన ఉంటాయి. ఇవి చూసుకునే పర్మనెంట్ ఉద్యోగి ఒకరు లేకపోతే ఈ దారి వద్దు.

"మన సీఎస్‌ఈ పిల్లలే చేసేస్తారు"

ఈ మాట అనని హెచ్‌ఓడీ ఉండరు. పిల్లలు చేయగలరు కూడా. ఫైనల్ ఇయర్ మేజర్ ప్రాజెక్టుగా రియాక్ట్, నోడ్ లాంటి వెబ్ టూల్స్ పెట్టి చక్కటి సిస్టమ్ తయారుచేస్తారు, వైవా రోజు అద్భుతంగా నడుస్తుంది. మే నెలలో వాళ్లు బెంగళూరుకో హైదరాబాద్‌కో వెళ్లిపోతారు. ఆగస్టులో పాస్‌వర్డ్ మర్చిపోయిన వార్డెన్ ఫోన్ చేస్తే తీసేవాళ్లుండరు. నోటీసులు నడిపే సిస్టమ్‌ను, అంటే లాగిన్లు, షెడ్యూల్, ఫైళ్ల అప్‌లోడ్, ఆఫ్‌లైన్ నిల్వ వగైరాలను విద్యార్థులతో మొదటినుంచీ కట్టించడం నాకు నచ్చదు. అవి ఇప్పటికే తయారై దొరుకుతున్నాయి, పైగా కట్టడం కంటే కాపాడటమే ఎక్కువ పని.

వాళ్లతో చేయించాల్సింది వేరే ఉంది: మీ కాలేజీకి మాత్రమే పనికొచ్చే పేజీలు. ఒక్కో పేజీ ఒక యూఆర్‌ఎల్. దాన్ని జిబోలోనో అద్దె సర్వీసులోనో వెబ్ పేజీగా షెడ్యూల్ చేస్తే సరి. వచ్చే ఏడు సిస్టమ్ మారినా ఆ పేజీలు అలాగే పనికొస్తాయి. నా ఓటు ఈ కలయికకే.

సీటింగ్ పేజీనే తీసుకోండి. ఎగ్జామ్ బ్రాంచ్ దగ్గర ఎక్సెల్ ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెర మీద పెడితే ఎవరికీ కనపడదు. పది అక్షరాల హాల్ టికెట్ నంబర్లు ఆరు వందలు ఒక టీవీ మీద పట్టవు. గదికి మొదటి నంబరు, చివరి నంబరు చూపిస్తే కొద్ది వరసల్లోనే ఒక బ్లాకు మొత్తం వస్తుంది. లేటరల్ ఎంట్రీ వాళ్ల నంబర్లు వేరే వరసలో ఉంటాయి కాబట్టి వాళ్లకు విడిగా ఒక గీత. డిటైన్ అయి తిరిగి చేరినవాళ్లకు ఇంకొకటి. ఇవన్నీ తెలిసిన మనిషి ఎగ్జామ్ బ్రాంచ్‌లోనే ఉంటాడు, ఏ వెండర్ దగ్గరా ఉండడు. అతని పక్కన ఇద్దరు విద్యార్థులను కూర్చోబెడితే రెండు వారాల పని. తొలి మిడ్‌కు ఒక బ్లాకులో మాత్రమే పెట్టి, ప్రింటవుట్లు కూడా అంటించే ఉంచండి.

బస్సుల పేజీ ఇంకా తేలిక, ఇంకా ఉపయోగం. రోజూ ఉండే రూట్ల పట్టికను చూపించడం కాదు, అది అందరికీ కంఠతా వచ్చు. ఇవాళ 17 నంబరు రిపేరుకు వెళ్లింది, ఆ రూటు వాళ్లు 23లో ఎక్కాలి అన్న ఒక్క వాక్యం కోసమే ఆ తెర. చాలామంది గూగుల్ షీట్‌ను పబ్లిష్ చేసి దాని నుంచి చదివిస్తారు. అయితే పబ్లిష్ చేసిన షీట్‌లో మార్పు బయట కనిపించడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. సాయంత్రం 4 గంటల బస్సు మార్పు 3:57కి తెలిస్తే ఆ ఆలస్యం చాలు, అరవై మంది తప్పు బస్సు ముందు నిలబడటానికి. కాలేజీ సర్వర్ మీద ఒక చిన్న ఫారం, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి ఫోన్‌లోంచి నింపేది, పేజీ ప్రతి 20 సెకన్లకోసారి చూసుకునేది ఉంటే నయం. పదిహేను తెరలు అలా అడిగినా సర్వర్‌కు అది లెక్కలోది కాదు.

ఒక హెచ్చరిక. యూనివర్సిటీ రిజల్ట్స్ పేజీనో, గూగుల్ పేజీనో నేరుగా మన తెరలో ఒక మూల ఫ్రేముగా పెట్టాలని చూస్తారు. చాలా సైట్లు తమను ఇంకొకరి ఫ్రేములో తెరవనివ్వవు. అక్కడ ఖాళీ డబ్బా వస్తుంది, అది మీ సాఫ్ట్‌వేర్ తప్పు కాదు.

ప్లేయరు, కరెంటు, గడియారం

రాస్ప్‌బెరీ పై 4 కొనాలా, 5 కొనాలా? వేగం 5దే. అయితే వీడియోలు ఎక్కువగా ఉంటే ఒకటి గమనించాలి. మనం మామూలుగా వాడే హెచ్.264 వీడియోను 4 హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, 5లో ఆ భాగం తీసేశారు, ప్రాసెసరే ఆ పని చేయాలి. 1080పీ వరకు దానికి కష్టమేమీ కాదు కానీ వేడెక్కుతుంది, టీవీ వెనక గాలాడని చోట ఫ్యాన్ తప్పనిసరి. ఇక అడాప్టరు, కేసు, కార్డు, ఫ్యాను కలుపుకుంటే రాస్ప్‌బెరీ పై ఖర్చు ఒక మామూలు మినీ పీసీ దగ్గరికి వెళ్తుంది. "పై అంటే చవక" అన్నది బోర్డు ధర మాత్రమే చూసినవాళ్ల మాట.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నది మన దగ్గర అన్నిటికంటే ముఖ్యం. జనరేటర్‌కు మారే ఆ కొన్ని సెకన్లలో ప్లేయర్ ఆగుతుంది. రాసే మధ్యలో ఆగితే మెమరీ కార్డు పాడవుతుంది. రాస్ప్‌బెరీ పైలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద రాయడం ఆగిపోతుంది, ఆ బెడద తగ్గుతుంది. కాకపోతే నోటీసులు కార్డులో దాచుకునే ప్లేయర్లకు ఇది కుదరదు, సర్వర్ నుంచి పేజీ తెరిచేవాటికే. మినీ పీసీ అయితే కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల చోటు) సెట్టింగు ఉందో లేదో కొనే ముందే చూడండి. లేకపోతే నిచ్చెన వేసుకుని బటన్ నొక్కాలి. విండోస్ పీసీ అర్ధాంతరంగా ఆగి లేచాక క్రోమ్ "పేజీలు తిరిగి తెరవాలా" అన్న డబ్బాను తెర మూల పెడుతుంది. పేజీ తప్ప ఇంకేదీ చూపని కియోస్క్ మోడ్‌లో సరిగా సెట్ చేయనిచోట ఆ డబ్బా రోజుల తరబడి అలాగే ఉంటుంది.

గడియారం గురించి ఎవరూ చెప్పరు. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చాక నెట్ నుంచి సమయం తెచ్చుకోవాలి. కాలేజీ ఫైర్‌వాల్ ఆ పోర్టును ఆపితే, ఎప్పుడు ఆగిందో ఆ సమయం నుంచే మళ్లీ మొదలవుతుంది. గంటన్నర కరెంటు పోతే తెర గంటన్నర వెనక ఉంటుంది, 3:30కి రావాల్సిన బస్సుల పేజీ ఐదింటికి వస్తుంది. పై 5లో గడియారం ఉంది, దాని బ్యాటరీ మాత్రం విడిగా కొనాలి. లేదా క్యాంపస్ లోపలే ఒక టైమ్ సర్వర్ పెట్టించండి, నెట్‌వర్క్ మనిషికి పది నిమిషాల పని.

ఫైర్‌వాల్ అన్నాం కాబట్టి, మన కాలేజీల్లో వైఫై వాడాలంటే ముందు లాగిన్ పేజీ వస్తుంది. ప్లేయర్‌కు యూజర్‌నేమ్ కొట్టే చేతులు లేవు. ప్రతి ఉదయం నలభై మూడు అంగుళాల మీద లాగిన్ పేజీ కనిపిస్తుంటే ఎంత బాగుంటుందో ఊహించుకోండి. తెరలకు విడి వీల్యాన్ (అదే నెట్‌వర్క్‌లో వేరు చేసిన భాగం) తీసి, వాటి మ్యాక్ అడ్రసులకు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్లకు) లాగిన్ మినహాయించమనండి. కుదిరిన ప్రతిచోటా ల్యాన్ కేబుల్ లాగండి. క్యాట్6 కేబుల్ స్విచ్ నుంచి 100 మీటర్ల వరకు పోతుంది. పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్ వేసి కంప్యూటర్‌ను వేరే గదిలో పెట్టే ఆలోచన మానుకోండి, పది పదిహేను మీటర్లు దాటితే బొమ్మ మిణుకుతుంది.

తెర: ఇంటి టీవీయా, కమర్షియలా?

ధరలో తేడా రెట్టింపు దాకా ఉంటుంది, అందుకే అందరూ ఇంటి టీవీ వైపే మొగ్గుతారు. కమర్షియల్ తెరలు రోజుకు 16 గంటలో 24 గంటలో నడవడానికి తయారైనవి, నిలువుగా బిగించవచ్చు, వెలుగు ఎక్కువ. ఇంటి టీవీల వారంటీ షరతుల్లో వ్యాపార సంస్థల్లో వాడితే వర్తించదని తరచూ ఉంటుంది, బిల్లు కాలేజీ పేరు మీద ఉంటే సర్వీస్ సెంటర్‌లో మొదటి ప్రశ్న అదే.

నా సలహా ఇలా ఉంటుంది. స్టాఫ్ రూము, లైబ్రరీ, డిపార్ట్‌మెంట్ కారిడార్ల వంటి నీడ పట్టున, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు నడిచేచోట మంచి ఇంటి టీవీ చాలు. గేటు దగ్గరి లాబీ, ఎండ తగిలే వరండా, నిలువు తెర కావాల్సినచోట కమర్షియల్ తీసుకోండి. 250, 300 నిట్స్ (తెర వెలుగు కొలత) టీవీ మధ్యాహ్నం వరండాలో అద్దంలా మన మొహమే చూపిస్తుంది. పూర్తిగా ఆరుబయట అయితే టీవీల ఊసే వద్దు, ఎల్‌ఈడీ మాడ్యూల్ బోర్డులే. అందులో పీ5 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 5 మిల్లీమీటర్లు. సుమారు ఐదు మీటర్ల అవతల నుంచి చూస్తేనే అక్షరం కుదురుగా ఉంటుంది. 32 అంగుళాలు మించిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. పాత కొటేషన్లు చేతిలో ఉంటే మళ్లీ అడగండి.

కమర్షియల్ తెరల్లో రిమోట్‌ను లాక్ చేసే సెట్టింగు ఉంటుంది. ఇది చిన్న సంగతిలా ఉంటుంది కానీ, రిమోట్‌లా పనిచేసే ఐఆర్ ఉన్న ఫోన్లు మన పిల్లల దగ్గర బోలెడు. హాస్టల్ మెస్ దగ్గరి తెర మీద మ్యాచ్ ఉన్న రోజు ఇన్‌పుట్ ఎందుకు మారిపోతోందని తల బద్దలుకొట్టుకోకుండా ఉండాలంటే, ఇంటి టీవీల సెన్సార్ మీద నల్ల టేపు ముక్క అంటించండి. ఆన్, ఆఫ్ ప్లేయర్ నుంచే హెచ్‌డీఎంఐ సీఈసీ (ఆ కేబుల్ గుండానే టీవీకి ఆదేశాలు పంపే సదుపాయం) ద్వారా చేయవచ్చు, టీవీ దానికి పలుకుతుందో లేదో కొనే ముందు ఒకదాని మీద చూసుకోవాలి. 80 వాట్ల టీవీ రోజుకు పది గంటల చొప్పున 250 పనిదినాలకు 200 యూనిట్లు కాలుస్తుంది. ఆపకుండా వదిలేస్తే 700. పన్నెండు తెరలకు లెక్క వేసుకోండి.

తెలుగు అక్షరాలు

నోటీసు సగం తెలుగులో ఉంటే రెండు ఇబ్బందులు ముందే ఊహించాలి. కొత్తగా లినక్స్ ఎక్కించిన ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు గానీ, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు గానీ ప్లేయర్‌లోనే ఎక్కించండి. గూగుల్ ఫాంట్స్ నుంచి ప్రతిసారీ తెచ్చుకునేలా పేజీ రాస్తే నెట్ లేని రోజు మళ్లీ డబ్బాలే.

రెండోది డీటీపీ సెంటర్ నుంచి వచ్చే మ్యాటర్. ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లలో టైప్ చేస్తారు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు. కాపీ చేసి పేజీలో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా బొమ్మగా పంపమనాలి. బొమ్మగా వస్తే ఫ్లెక్సీ కోసం చేసిన నిలువు డిజైన్ అడ్డ తెర మీద చిక్కి సన్నబడుతుంది. 1920 బై 1080 కొలతల్లో అడగండి.

సైజు విషయంలో బోర్డులు రాసేవాళ్ల పాత లెక్క పనికొస్తుంది: పది అడుగుల దూరానికి అంగుళం అక్షరం. 43 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 21 అంగుళాలు, అంటే అంగుళానికి 51 పిక్సెళ్లు. కారిడార్‌లో ఇరవై అడుగుల నుంచి చదవాలంటే ఇంచుమించు వంద పిక్సెళ్ల అక్షరం కావాలి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువ వదలాలి. ఈ లెక్కన ఒక తెర మీద ఆరేడు వరసలకు మించి పట్టవు. సర్క్యులర్ పీడీఎఫ్ యథాతథంగా ఎక్కించమని అడిగే ఆఫీసు వాళ్లకు ఈ అంకె చూపించండి.

తెర మీదకు రాకూడనివి

అటెండెన్స్ తక్కువైన వాళ్ల జాబితా, ఫీజు బకాయిలు, మార్కులు పేర్లతో సహా తెర మీద వేయడం కొన్ని కాలేజీలకు సరదా. కాగితం మీద అంటించినదానికీ లాబీలో పెద్ద తెర మీద తిప్పేదానికీ తేడా ఉంది, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది. సీటింగ్‌కు నంబరు చాలు, పేరు అక్కర్లేదు. ర్యాగింగ్ వ్యతిరేక జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 మాత్రం హాస్టల్ తెరల మీద ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో రోజూ ఉండేలా షెడ్యూల్ చేయండి. తుపాను సెలవు లాంటి అత్యవసర ప్రకటనకు ప్రిన్సిపాల్ ఆఫీసులో ఒక బటన్ ఉండాలి, అది నొక్కితే అన్ని తెరల మీదా మిగతావన్నీ ఆగి అదొక్కటే రావాలి. డెమోలో దీన్ని చేసి చూపించమనండి.

వెండర్ డెమోకి వచ్చినప్పుడు

లోకల్ వెండర్ మొత్తం తానే బిగించి ఇస్తానంటే వద్దనాల్సిన పని లేదు. ఎలక్ట్రీషియన్, స్టాండ్లు, కేబుళ్లు, ఏఎంసీ (ఏటేటా నిర్వహణ ఒప్పందం) ఒకే మనిషి దగ్గర ఉంటే కాలేజీకి సుఖమే. అయితే డెమో స్లైడ్లు చూడకండి. నడుస్తున్న ప్లేయర్ కేబుల్ పీకి, మళ్లీ పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా ఎన్ని నిమిషాల్లో నోటీసు తిరిగి వస్తుందో చూడండి. తర్వాత ల్యాన్ కేబుల్ పీకి పది నిమిషాలు ఉంచండి. తర్వాత కాలేజీ క్లర్కును కూర్చోబెట్టి, వెండర్ నోరు తెరవకుండా, ఒక నోటీసు పెట్టి రేపటితో పోయేలా చేయమనండి. ఈ మూడు దాటినవాళ్ల కొటేషన్లే తెరవండి.

ఏఎంసీ ఆపేస్తే తెరలు నడుస్తాయా, ఆగిపోతాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. కొన్ని ప్లేయర్లు ఆ కంపెనీ సర్వర్‌కు తప్ప దేనికీ కలవవు, అలాంటివైతే చందా ఆగిన రోజు పెట్టెలన్నీ పనికిరాకుండా పోతాయి. ప్రధాన అడ్మిన్ ఖాతా కాలేజీ డొమైన్ మెయిల్ మీద తెరిపించండి. వెండర్ కుర్రాడి జీమెయిల్ మీదో, ఈ ఏడాది ఇన్‌చార్జిగా ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ సొంత నంబరు మీదో ఉంటే, ఓటీపీ ఎవరికి వెళ్తుందో వెతుక్కోవాల్సి వస్తుంది.